చికున్‌గున్యా తర్వాత చేతి కీళ్లకు వాక్స్‌బాత్ మెషిన్: కొనాలా వద్దా?

చికున్‌గున్యా జ్వరం వారంలో దిగిపోయినా, వేళ్ల కణుపులు, మణికట్ల నొప్పి కొందరిని నెలల తరబడి వదలదు. పొద్దున లేవగానే పిడికిలి బిగియదు. ఈ బిగుసుకుపోయిన చేతులకు ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో కరిగిన మైనం పట్టే పద్ధతినే ఇంటికి తెచ్చేది వాక్స్‌బాత్, అంటే మైనాన్ని కరిగించి వేడిగా నిలిపే తొట్టి ఉన్న ఈ చిన్న మెషిన్. చేతి నొప్పే ప్రధానమైనవాళ్లకు ఇది కొనదగ్గ వస్తువు. అయితే జ్వరంతోపాటు కీళ్లు ఎర్రగా, వేడిగా వాచి ఉన్నప్పుడు దీని జోలికి పోకండి. అప్పుడు విశ్రాంతి, గుడ్డలో చుట్టిన ఐస్ 10 నిమిషాలు చాలు. వాపు తగ్గి బిగుతు మిగిలాకే మైనం.

కొనేటప్పుడు ముందు చూడాల్సింది థర్మోస్టాట్, అంటే వేడిని ఒకే స్థాయిలో నిలిపే భాగం. మైనం 50 నుంచి 54 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలవాలి. మెషిన్ ప్యానెల్ మీద కనిపించే అంకెను నమ్మకుండా విడిగా థర్మామీటరు ముంచి చూడండి. పైన పలుచని మీగడలాంటి పొర కట్టడం మొదలైతే చెయ్యి పెట్టే వేడికి వచ్చినట్టు. 7 పాళ్ల పారఫిన్ మైనానికి 1 పాలు లిక్విడ్ పారఫిన్ కలపాలి. ఈ నూనె వల్లే తక్కువ వేడికి కరుగుతుంది. కొవ్వొత్తులు కరిగించి పోస్తే చెయ్యి కాలుతుంది.

ఉంగరాలు, గాజులు తీసి, చెయ్యి కడిగి పూర్తిగా తుడవాలి. తడి మిగిలితే అక్కడే బొబ్బ. వేళ్లు కాస్త ఎడంగా పెట్టి మణికట్టు పైదాకా ముంచి వెంటనే తీయాలి. మైనం మెరుపు పోయి తెల్లబడ్డాక మళ్లీ ముంచాలి. ఇలా 6 నుంచి 10 సార్లు. రెండోసారి నుంచి మొదటి పొర అంచు దాటనివ్వకండి. దాటితే వేడి మైనం పొర కిందికి దూరుతుంది. వేళ్లు కదిపి పొర పగిలినా అంతే. తర్వాత ప్లాస్టిక్ కవరు, దాని మీద తువ్వాలు చుట్టి 15-20 నిమిషాలు ఉంచాలి.

చాలామంది మైనం ఒలిచేసి పనైపోయిందనుకుంటారు. అసలు లాభం ఆ వెంటనే వస్తుంది. చెయ్యి వెచ్చగా ఉండగానే వేళ్లు చాపడం, కొక్కెంలా వంచడం, పూర్తి పిడికిలి పట్టడం, ఒక్కోటి 5 సెకన్లు ఆపి 10 సార్లు చేయాలి. ఇది మానేస్తే కాసేపు హాయిగా ఉండి బిగుతు మళ్లీ వస్తుంది. చేశాక నొప్పి 2 గంటలకు మించి ఎక్కువగా ఉంటే మర్నాడు సగమే చేయండి. వాపు ఉన్న వేళ్లతో రబ్బరు బంతి పిసకొద్దు.

షుగర్ వల్ల చేతులు మొద్దుబారినవాళ్లకు ఈ మెషిన్ వద్దు, కాలుతున్నా తెలియదు. పుండ్లు, గజ్జి ఉన్నా వద్దు. 3 నెలలు దాటినా పొద్దుటి బిగుతు, వాపు పోకపోతే కీళ్లవాత నిపుణుణ్ణి కలవాలి.

మైనం ఒక్కరే వాడాలి, రంగు మారితే పారేయాలి. మోకాళ్లకు, చీలమండలకు మాత్రం ఈ తొట్టి సరిపోదు. వాటికి కాపడం పెట్టే హాట్‌ప్యాక్ కొనుక్కోవడమే మేలు.