మైకు లేని పెళ్ళికి సంగీతం: పదేళ్ళ అనుభవం

మా పెళ్ళి జరిగిన తోటలో కరెంటు లేదు. జెనరేటర్ మోత వద్దని ఇద్దరం ముందే అనుకున్నాం. నైలాన్ తీగల గిటారు నాకు ప్రాణం కాబట్టి ఇంకేమీ ఆలోచించకుండా దాన్నే పెట్టించాను. వాయించినాయన అద్భుతంగా వాయించాడు. ముందు మూడు వరసలవాళ్ళు ఇప్పటికీ తలచుకుంటారు. చివర్లో కూర్చున్న మా అమ్మమ్మకు మాత్రం ఒక్క స్వరం కూడా వినబడలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

ఆ తర్వాత ఈ పదేళ్ళలో స్నేహితులవీ చుట్టాలవీ కలిపి పదకొండు పెళ్ళిళ్ళకు కరెంటుతో పనిలేని సంగీతం కుదిర్చాను. ఎవరైనా సలహా అడిగితే ఏ వాద్యం అన్నది తర్వాత, ముందు కుర్చీలు ఎలా వేస్తున్నారో చెప్పమంటాను.

ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. గదిలోనైతే గోడలు, పైకప్పు కొంత శబ్దాన్ని మనవైపు తిప్పి పంపుతాయి. తోటలో ఆ సాయం ఉండదు. మొదట్లో నేను మనుషుల్ని పెంచి చూశాను. ఒక వయొలిన్ పక్కన ఇంకో వయొలిన్ చేరిస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది వయొలిన్లు కావాలి. అదే, వాయించే మనిషిని 16 మీటర్ల దూరం నుంచి 4 మీటర్లకు తెస్తే 12 డెసిబెల్స్ ఊరికే కలిసొస్తాయి. అందుకే ఇప్పుడు పొడవాటి వరసలు మానేసి అర్ధచంద్రాకారంలో కుర్చీలు వేయిస్తాను. వాద్యకారులు ఓ మూలన కాదు, ఆ వంపు మధ్యలోనే ఉంటారు.

ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా నిరాశపరచనిది అకార్డియన్, అంటే తిత్తిని సాగదీస్తూ నొక్కుతూ మీటలతో వాయించే, హార్మోనియం లాంటి వాద్యం. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ ఆ పేరుతో పేటెంటు తీసుకున్నాడు. రాగం, దానికి తోడు నడిచే శ్రుతులు, తాళపు ఊపు అన్నీ ఒక్క మనిషి చేతుల్లోనే ఉంటాయి. మెడకు తగిలించుకుని నడుస్తూ వాయించవచ్చు. పెద్ద సైజుది పది కిలోల పైనే ఉంటుంది కాబట్టి వాయించేవాళ్ళకు మధ్యమధ్య కూర్చునే చోటు చూపించాలి. ప్రమాణాలు చెప్పుకునే నిశ్శబ్ద ఘట్టానికి మాత్రం దాని గొంతు పెద్దదే. అక్కడ నాకు వయొలిన్ కావాలి. కమాను స్వరాన్ని సాగదీసి నిలబెడుతుంది, మీటిన తీగలా వెంటనే సన్నగిల్లదు.

గిటారే కావాలని పట్టుబట్టేవాళ్ళకు రెజొనేటర్ గిటారు చెబుతాను. విద్యుత్ గిటార్లు ఇంకా వాడుకలోకి రాని 1920లలో, పెద్ద వాద్యబృందం మధ్య కూడా గిటారు వినబడాలని జాన్ డోపియెరా లోపల లోహపు కోన్లు పెట్టి తయారుచేశాడు. నైలాన్ తీగల మెత్తదనం అందులో ఉండదు. ఆ లోటు నాకు తెలుస్తుంది, అయినా వెనక వరసకు చేరుతుంది కదా అని ఒప్పుకుంటాను. తాళానికి ఒక కహోన్ చాలు, అంటే పైన కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె.

ఎండ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక పెళ్ళిలో మిట్టమధ్యాహ్నం వయొలిన్ వాద్యకారిణిని ఎండలో నిలబెట్టాం. అరగంటలో జిగురు సడలి వయొలిన్ అంచు విడిపోయింది. బాగుచేయించడానికి డబ్బు మేమే ఇచ్చాం, కానీ అప్పటి ఆమె ముఖం నేను మరిచిపోలేను. అప్పటి నుంచి నీడ లేని చోటికి తీగవాద్యాన్ని పిలవను. వేణువూ వయొలినూ కలిసి వాయిస్తుంటే ఇంకో చిక్కుంది. వేడికి వేణువు శ్రుతి పైకి పోతుంది, తీగల శ్రుతి కిందికి జారుతుంది. మొదలుపెట్టే ముందు అదే చోట నిలబడి మళ్ళీ శ్రుతి చేసుకోవడానికి పది నిమిషాలు ఇచ్చి తీరాలి.

వీలైతే ముహూర్తం సాయంత్రానికి జరపండి. మధ్యాహ్నం వేడెక్కిన నేల మీది గాలి శబ్దాన్ని పైకి వంచేస్తుంది. పొద్దుగుంకి నేల చల్లబడ్డాక అదే శబ్దం కిందికి వంగి దూరం పోతుంది. గాలి వీస్తుంటే వాద్యకారులు గాలి వచ్చే వైపు ఉండాలి. స్వరాల కాగితాలు ఎగరకుండా బట్టల క్లిప్పులు, చీకటి పడితే బ్యాటరీ దీపాలు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

బృందాన్ని ఒప్పుకునే ముందు వాళ్ళ రికార్డింగులు వినడం నేను మానేశాను. మైకు పెట్టి తీసిన రికార్డింగు మనకు కావలసింది చెప్పదు. ఏదైనా మైదానంలో రెండు పాటలు వాయించమని, ముప్ఫై అడుగులు వెనక్కి నడిచి వింటాను.

భోజనాల వేళ ఒక్కటే నాకింకా లొంగలేదు. వందమంది కబుర్లలో ఏ వాద్యమైనా మునిగిపోతుంది. ప్రస్తుతానికి అకార్డియన్ ఆయన ఒక్కో బల్ల దగ్గర ఆగి రెండేసి పాటలు వాయిస్తున్నాడు, మిగతావాళ్ళు తమ వంతు దాకా ఎదురుచూస్తున్నారు. వచ్చే నెల పెళ్ళిలో ఇద్దరిని రెండు చివరల నుంచి నడిపించి చూడబోతున్నాం. మధ్యలో ఎదురుపడినప్పుడు కలిసి వాయించడానికి ఒక పాట ఇప్పటికే అనుకున్నారు.