పెద్ద బోటు, చిన్న కయాక్‌లు: అండమాన్ గాలం యాత్రపై సమీక్ష

ఈ ఫిబ్రవరిలో హనుమకొండ నుంచి మా గాలం మిత్రులం కొందరం కలిసి అండమాన్‌లో ఒక బోటును మొత్తంగా అద్దెకు మాట్లాడుకొని, రాత్రులు బోటులోనే గడుపుతూ, పగలు కయాక్‌ల (ఒక మనిషి కూర్చొని నడిపే ఇరుకైన చిన్న పడవల) మీద సముద్రంలో గాలం వేసి వచ్చాము. ఇటువంటి యాత్ర మంచిచెడ్డలను పడిన చేపల లెక్కతో తేల్చకూడదని నా అభిప్రాయం. కయాక్‌ను నీటిలోకి దింపడం, తిరిగి పైకి ఎక్కించడం, ఆ మధ్యలో మనిషిని కనిపెట్టుకొని ఉండడం అనే పనులను సిబ్బంది ఎంత బాగా చేస్తారన్నదే అసలు కొలమానం. ఆ విషయంలో ఈ బోటుకు నిండు మార్కులు వేస్తాను. బుకింగ్ సమయంలో ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంలో మాత్రం అన్ని మార్కులు వేయలేను.

మన చెరువు గట్టున తవుడు ముద్దతో బొచ్చెకో, కప్ప ఎరతో కొర్రమట్టకో కాచుకొని కూర్చునేవారికి పెద్ద బోటు ఎందుకన్న సందేహం రావచ్చు. చెరువు నీరు నిలకడగా ఉంటుంది. సముద్రంలో సుమారు ఆరు గంటలకొకసారి పోటు, పాటు మారుతూ ఉంటాయి; దీవుల మధ్య ఇరుకు దారుల్లో ఆ ప్రవాహానికి ఎదురుగా తెడ్డు వేయడం ఎంత బలవంతుడికైనా ఎక్కువసేపు సాధ్యం కాదు. పెద్ద బోటు వెంట ఉన్నప్పుడు ప్రవాహానికి ఎగువన కయాక్‌లను దింపుతారు, మనం నీటితో పాటు సాగుతూ పగడపు దిబ్బల అంచున గాలం వేసుకుంటూ పోతాము, దిగువన బోటు కాచుకొని ఉండి మనల్ని ఎత్తుకొని మళ్ళీ ఎగువకు చేరుస్తుంది. ఒడ్డు నుంచి తెడ్డు వేసుకుంటూ పోయి చేరుకోలేని చోట్లకు, ఒంట్లో సత్తువ మిగిలి ఉండగానే చేరుకునే వీలు దీని వల్లనే కలుగుతుంది.

మొదటి ఉదయం బోటు వెనుక భాగాన కయాక్‌లను దింపిన తీరు వివరంగా చెప్పవలసినది. ఈ కయాక్‌లు రెండు బారల పొడవుంటాయి. లోపలికి దూరి కూర్చునే రకం కాదు, పైన కూర్చునే రకం. అడుగున ఉన్న రంధ్రాల గుండా కొంత నీరు పైకి వచ్చి, దానంతట అదే కిందికి పోతూ ఉంటుంది. మొదటిసారి చూసినవారు పడవ చిల్లు పడిందని కంగారు పడతారు. సిబ్బందిలో ఒకరు ముక్కు తాడు పట్టుకొని, మరొకరు వెనుక భాగాన్ని కాలితో అదిమి పట్టి, అల ఎత్తుకు కయాక్ బోటుతో పాటు లేచే క్షణం వరకు మనల్ని ఆపుతారు. శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో వలస వెళ్ళిన కుటుంబానికి చెందిన ఒక యువకుడు నా భుజం మీద చెయ్యి వేసి, "కంగారు పడకండి బాబూ, ఈ కెరటం పోనివ్వండి, ఆ తరవాత కూకోండి" అన్నాడు. మనం కుదురుగా కూర్చొని, లైఫ్ జాకెట్ పట్టీలను వారు ఒకసారి లాగి చూసిన తరువాతనే గాలపు రాడ్లు, తెడ్డు అందిస్తారు, ప్రతి వస్తువునూ కయాక్‌కు తాడుతో కట్టిస్తారు. చివరి రోజు వరకు, ఎంత అలసిపోయినా, ఈ వరుసను వారు ఒక్కసారి కూడా తప్పించలేదు.

అండమాన్‌లో వరంగల్ కన్నా దాదాపు గంట ముందే తెల్లవారుతుంది కనుక వేట చాలా పొద్దున్నే మొదలవుతుంది. మేము ప్రధానంగా ఆశించినది పార జాతి చేపల్లో అన్నిటికన్నా పెద్దదైన జయంట్ ట్రెవల్లీని. ఇది 70 కిలోలు దాటి పెరగగల చేప; మాకు పడినవి అందులో చిన్న భాగమే అయినా, వాటి బలం బొచ్చె, రోహులతో పోల్చదగినది కాదు. నీటి పైన చప్పుడు చేస్తూ కదిలే పాపర్ అనే కృత్రిమ ఎర మీద అది విరుచుకుపడుతుంది, ఆ వెంటనే దారం తెంపుకోవడానికి పగడపు రాళ్ళలోకి పరుగు తీస్తుంది. పెద్ద బోటు మీద నిలబడి పట్టేవారు రీలు డ్రాగ్ (దారం జారిపోకుండా ఆపే బిగింపు) బిగించి దాన్ని బలవంతంగా నిలువరించాలి. కయాక్ మీద అయితే చేప మనల్నే ఈడ్చుకుపోతుంది, ఆ బరువు లాగుతూ అదే అలసిపోతుంది. అయితే రాడ్‌ను ఎప్పుడూ కయాక్ ముక్కు వైపే ఉంచాలి. పక్కకు తిప్పితే చేప లాగుడుకు కయాక్ ఒరిగి బోల్తా పడుతుంది. ఈ ఒక్క విషయాన్ని సరంగు మాకు ముందు రోజు సాయంత్రమే డెక్ మీద కూర్చోబెట్టి, ఖాళీ కయాక్‌లో రాడ్ పట్టించి, తాడు లాగి మరీ నేర్పాడు. నేను చూసిన పడవ సేవల్లో ఇంత ఓపికైన పాఠం మరొకటి లేదు.

పట్టిన ట్రెవల్లీలను కొక్కెం తీసి తిరిగి వదిలేయడం ఈ బోటు నియమం. కొక్కేల ముళ్ళు నొక్కివేసి ఉంటాయి, చేతులు తడుపుకోనిదే చేపను తాకనివ్వరు. లోతు నుంచి వేగంగా పైకి తెచ్చిన చేపకు గాలితిత్తి ఉబ్బి మళ్ళీ కిందికి దిగలేదు కనుక, లోతైన చోట పడిన గ్రూపర్ చేపలను వంటకే ఉంచి, పూటకు సరిపడా రాగానే అక్కడ జిగ్ (లోతుకు దించి ఎగరేసే బరువైన లోహపు ఎర) వేయడం ఆపించారు. మా వాళ్ళలో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. నాకు మాత్రం సరంగు మీద గౌరవం పెరిగింది. అలాగే వండూర్ దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం, రిచీ ద్వీపాల మధ్య 1996లో ఏర్పడిన రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ ఉద్యానం పరిధుల్లో గాలం బయటికి తీయనివ్వలేదు. ఉప్పునీటి మొసళ్ళు తిరిగే మడ అడవుల వాగుల దరిదాపులకు కయాక్‌లను పోనివ్వలేదు. ఒక మధ్యాహ్నం గాలి పెరిగినప్పుడు ఎంత బతిమాలినా దింపలేదు. ఆ పూట డబ్బు తిరిగి రాలేదు, అడగడం కూడా న్యాయం కాదు.

ఇక ఫిర్యాదు. కాళ్ళతో తొక్కే పెడల్ కయాక్ మనిషికొకటి ఉంటుందని ఫోనులో స్పష్టంగా చెప్పారు. తీరా వెళ్ళాక సగం మందికి తెడ్డు కయాక్‌లే మిగిలాయి, వంతుల వారీగా మార్చుకోమన్నారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు కానీ, సముద్రంలో చేతులు రెండూ తెడ్డుకే అంకితమైతే గాలం వేసేది ఎప్పుడు? గాలికి కయాక్ దిబ్బ మీది నుంచి జరిగిపోతూ ఉంటుంది, సర్దుకొని ఎర విసిరేలోపు చోటు దాటిపోతుంది. తెడ్డు పట్టిన పూట, పెడల్ ఉన్న పూట పడిన చేపల తేడా మా అందరికీ తెలిసింది. పోగొట్టుకున్న ఎరలకు విడిగా బిల్లు వేస్తారన్న సంగతి కూడా చివరి రోజు వరకు చెప్పలేదు.

పడకలు ఇరుకు, మరుగుదొడ్డి ఒకటే. భోజనం బాగుంది, చింతపండు పులుసులో ఉడికిన గ్రూపర్ ముక్కలు అన్నంలోకి రెండు పూటలా పెట్టినా ఎవరూ వద్దనలేదు.

భద్రత విషయంలో ప్రతి కయాక్‌కూ బోటుతో మాట్లాడేందుకు చేతిలో పట్టే వీహెచ్‌ఎఫ్ రేడియో ఇచ్చారు, అత్యవసరానికి 16వ ఛానెల్ ఎలా వాడాలో చూపారు, ఒక రబ్బరు బోటు మమ్మల్ని వదలకుండా వెంట తిరిగింది. అయినా ఈత రానివారు, బోల్తా పడిన కయాక్‌ను తిరగవేసి నీటిలోంచి మళ్ళీ ఎక్కడం రానివారు ఈ యాత్రకు వెళ్ళవద్దు. పొట్ట మీద అడ్డంగా పాకి, నడుము తిప్పి కూర్చోవడం ఎవరైనా నేర్చుకోగలిగినదే. నిర్వాహకులు దీన్ని బుకింగ్‌కు ముందే పరీక్షించి ఉంటే బాగుండేది. మనవారు హనుమకొండలోనే ఈత కొలనులో సాధన చేసి బయలుదేరడం మేలు. రాడ్లు సొంతంగా తీసుకువెళ్ళేవారు కాజీపేట నుంచి రైలులో చెన్నై చేరి అక్కడ విమానం ఎక్కితే, పొడవైన సామానును ఒక్క విమానంలోనే మోయించుకోవచ్చు.

వచ్చే మార్చికి అదే సరంగుతో మళ్ళీ మాట్లాడుకున్నాము. ఈసారి పెడల్ కయాక్‌ల సంఖ్యను, ఎరల ధరను అడ్వాన్సు రసీదు మీదనే రాయించుకున్నాము.