ఉండటానికి ఒక ఊరు: నల్లగొండ నుంచి వనపర్తి దాకా

ఉద్యోగ విరమణ తర్వాత హైదరాబాద్‌లో ఉండకూడదని నేనూ నా భార్యా అనుకున్నాక, దక్షిణ తెలంగాణ పట్టణాల్లో ఏది మాకు నప్పుతుందో స్వయంగా చూడాలని బయలుదేరాం. బంధువుల ఇంట్లో దిగితే మర్యాదలే తప్ప ఊరు కనిపించదు కనుక ప్రతిచోటా లాడ్జిలోనే బస చేశాం. తాగే నీరు ఎలా ఉంది, రాత్రిపూట ఒంట్లో బాగోలేకపోతే ఎక్కడికి వెళ్లాలి, సొంత కారు తీయకుండా హైదరాబాద్ వెళ్లి రావడం ఎంత సులువు అన్నవే మేము ముఖ్యంగా చూసినవి. గుళ్లూ కోటలూ వాటి తర్వాతే.

నల్లగొండ మాకు కొత్త కాదు. మా సొంతూరు దేవరకొండ వైపు కావడంతో కలెక్టరేట్‌లో పనికైనా, పెళ్లి బట్టలకైనా చిన్నప్పటి నుంచీ క్లాక్ టవర్ సెంటర్‌కే వచ్చేవాళ్లం. మనసు ముందే ఇటు మొగ్గి ఉంది. అయితే ఏప్రిల్ ఎండకు పగలంతా కాగిన గుట్టలు రాత్రి పదింటికి కూడా సెగ వదులుతూనే ఉండటంతో, గది శుభ్రంగా ఉన్నా ఫ్యాను కింద నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున పానగల్లు వెళ్లాం. ఛాయా సోమేశ్వరాలయ గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద రోజంతా నిలిచే స్తంభం నీడను ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. అక్కడికి దగ్గరలోనే ఉన్న ఉదయ సముద్రం కట్ట మీద పెద్దవాళ్లు నింపాదిగా నడుస్తున్నారు. నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లతో నిండే చెరువు అది. పొద్దున నడవడానికి అంతకన్నా మంచి చోటు ఈ ప్రయాణంలో మాకు దొరకలేదు.

నల్లగొండలో నీళ్ల సంగతి మాత్రం తేలిగ్గా దాటవేయగలిగింది కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తరతరాల ఎముకలను వంచేసింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు నిలిచిపోయిందంటే ఆ బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అద్దె ఇల్లు చూపించిన ఇంటావిడను అడిగితే, "నల్లా నీళ్లు మంచిగనే ఉంటయి సార్. మా అత్తమ్మకే నమ్మకం కుదరదు, తాగనీకి క్యాన్ తెప్పిస్తం" అన్నారు. ఆ అత్తగారిది మర్రిగూడ వైపు. కుర్చీలోంచి లేవడానికి ఆమె రెండు చేతులూ ఆనించి, వంగిపోయిన మోకాళ్లను ఒకదాని తర్వాత ఒకటి సరిచేసుకోవడం చూశాక, ఆ అపనమ్మకాన్ని తప్పు పట్టాలనిపించలేదు. వంటగదిలో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో చిక్కబడుతుంది. కాబట్టి ఈ జిల్లాలో ఇల్లు చూసేవారు ముందుగా అడగవలసింది బోరు ఎంత లోతన్నది కాదు, వంటింటి కుళాయికి ఏ నీళ్లు కలిపారన్నది.

మిర్యాలగూడలో ఒక్క రాత్రే ఉన్నాం. సాగర్ ఎడమ కాలువ పుణ్యమా అని చుట్టూ పచ్చటి పొలాలు, చేతి నిండా పని ఉన్న బజారు, ఆగే రైళ్లు, అన్నీ ఉన్నాయి. కానీ లాడ్జి డాబా మీద ఆరేసిన తువ్వాలు తెల్లారేసరికి రైస్ మిల్లుల ఊక బూడిదతో నల్లటి చుక్కలు పడి ఉంది. నా భార్యకు ఆయాసం ఉన్నందున ఆ ఊరి మాట మళ్లీ ఎత్తలేదు. సూర్యాపేట అంతకన్నా విశాలంగా, చురుగ్గా అనిపించింది. విజయవాడ హైవే మీద ఉన్నందున అర్ధరాత్రి కూడా బస్సు దొరుకుతుంది, 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. రైలు మాత్రం లేదు. నడుము నొప్పితో గంటల తరబడి బస్సులో కూర్చోలేని మాలాంటి వారికి అది పెద్ద లోటే.

ఇక పాలమూరు వైపు. మహబూబ్‌నగర్ మొదటి చూపుకు ఆకట్టుకునే ఊరు కాదు. మెట్టుగడ్డ నుంచి క్లాక్ టవర్ దాకా ఊరంతా ఒకే ప్రధాన రహదారిని పట్టుకుని సాగినట్టు ఉంటుంది. సాయంత్రం ఆ దారిని దాటడానికి చాలాసేపు నిలబడవలసి వచ్చింది. బస్టాండ్‌కు దగ్గరగా మేము దిగిన లాడ్జిలో హారన్ల మోత రాత్రి పన్నెండు దాకా ఆగలేదు. మరునాడు ఏనుగొండ వైపు ఒక కాలనీలో ఇళ్లు చూడటానికి వెళ్లినప్పుడు గానీ ఆ ఊరి అసలు నెమ్మది తెలియలేదు. వీధుల్లో వేపచెట్లు, నడక దూరంలో కూరగాయల అంగడి, పిలిస్తే వచ్చే ఆటో. 2016లో మొదలైన వైద్య కళాశాల వల్ల జిల్లా ఆసుపత్రి పెద్దదైంది. సికింద్రాబాద్ నుంచి ఇక్కడి దాకా రెండో రైలు మార్గం, విద్యుదీకరణ పూర్తయి 2023లో జాతికి అంకితమయ్యాయి. నల్లగొండ మీదుగా వెళ్లే బీబీనగర్–గుంటూరు మార్గానికి రెండో లైను అదే ఏడాది మంజూరైంది. ఆ పని పూర్తయితే నల్లగొండకు ఉన్న ఈ వెనుకబాటు పోతుంది. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం కూడా హైదరాబాద్ ఊళ్లోకి వెళ్లకుండానే అందుతుంది. పిల్లలు విదేశాల్లో ఉన్నవారికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

మనసుకు అన్నిటికన్నా నచ్చింది వనపర్తి. సంస్థానాధీశుల రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. ఆ ప్రాంగణంలో పుస్తకాలు పట్టుకుని తిరిగే పిల్లలను చూస్తే కట్టడం మంచి చేతుల్లో పడిందనిపించింది. శ్రీరంగాపురంలో చెరువును ఆనుకుని ఉన్న రంగనాథస్వామి గుడి దగ్గర సాయంత్రమంతా కూర్చున్నాం. అద్దెలు మేము చూసిన ఊళ్లన్నిటికన్నా తక్కువ. లాడ్జి కుర్రవాడు అడగకుండానే వేడినీళ్లు తెచ్చి, "ఇంకేమన్న కావాల్నా అమ్మా" అని నా భార్యను రెండుసార్లు పలకరించాడు. ఆ రాత్రే ఆమెకు కడుపునొప్పి వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు శ్రద్ధగానే చూసింది గానీ స్కానింగ్ చేసే మనిషి తెల్లవారితే తప్ప రాడని, ఆగలేకపోతే మహబూబ్‌నగర్ వెళ్లమని చెప్పారు. చీకట్లో గంటకు పైగా ప్రయాణించాం. నొప్పి ఇంజెక్షన్‌తోనే తగ్గింది, కానీ ఆ దారి పొడవునా నాకు ఊరి అందం గుర్తు రాలేదు. 2022లో అక్కడా ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది కనుక ఈ పరిస్థితి మారవచ్చు, మారాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. పైగా వనపర్తి రోడ్ అనే రైల్వే స్టేషన్ పేరుకే వనపర్తిది, ఉన్నది మదనాపురంలో.

గద్వాల కోట, జూరాల ప్రాజెక్టు చూసి, నా భార్యకు ఒక చీర కొని వెనుదిరిగాం. అక్కడ స్థిరపడే ఆలోచన మాకు మొదటి నుంచీ లేదు, హైదరాబాద్ మరీ దూరం.

చివరకు మహబూబ్‌నగర్‌లో, ఏనుగొండ వైపే, ఒక ఏడాదికి ఇల్లు అద్దెకు మాట్లాడుకున్నాం. కొనుక్కోమని చెప్పినవారు చాలామందే ఉన్నారు. కానీ నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందో, మే నెలలో ఆ ఇంటి బోరు ఎండుతుందో లేదో చూడకుండా స్థలం మాట ఎత్తేది లేదని నా భార్య ఇంటి ఓనరు ముందే తేల్చి చెప్పింది.