పుస్తకం వేస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్లతో జాగ్రత్త

మొదటి పుస్తకం వేసుకుందామని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా. "మీ రచన పంపండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అనే ప్రకటనలు ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. వాటికి అడ్వాన్సు కొట్టేముందు ఒక్కసారి ఇది చదవండి. మా మేనమామ కథల పుస్తకం విషయంలో అలాంటి ఒక కంపెనీతో నానా తిప్పలూ పడ్డాం, ఇంకా పడుతున్నాం. వ్యవహారం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లేలా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం లేదు. ఇవే మాటలు, ఇదే అగ్రిమెంటు చాలామంది దగ్గర ఉన్నాయి.

మామయ్య విజయనగరం వైపు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఊళ్లకి లైన్లు లాగిన రోజుల మీద కథలు రాసుకున్నారు. ప్యాకేజీ నలభై అయిదు వేలు, జీఎస్టీ అదనం. అందులో ఎడిటింగ్, ముఖచిత్రం, పేజీల అమరిక, ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు), కాపీరైట్, "ప్రపంచవ్యాప్త పంపిణీ", రచయితకి యాభై కాపీలు. ఒక్కోదాని పక్కన దాని "అసలు విలువ" వేసి, దాన్ని కొట్టివేసి, కింద తగ్గింపు ధర చూపించారు. బట్టల షాపుల్లో ఆషాఢం సేల్ బోర్డులాగే.

ఐఎస్‌బీఎన్ విలువ అయిదు వేలట, మనకి మాత్రం ఫ్రీ అట. మన దేశంలో అది అందరికీ ఫ్రీయే. కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ అని ఉంది, పైసా తీసుకోకుండా నంబరు ఇస్తుంది. ప్రచురణ సంస్థే అయి ఉండనక్కర్లేదు, సొంతంగా పుస్తకం వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాస్త ఓపిక కావాలి, అంతే. అంతకన్నా ముఖ్యం, కంపెనీ ఇచ్చే నంబరు కంపెనీ పేరు మీదే నమోదవుతుంది. రేపు వాళ్లతో తెగదెంపులు చేసుకుని పుస్తకం వేరేచోట వేయించాలంటే మళ్లీ కొత్త నంబరు తీసుకోవాల్సిందే.

కాపీరైటుకి ఆరు వేలు చూపించారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాళ్లది. రిజిస్టర్ చేయించుకోవడం తప్పనిసరి కాదు. ఎందుకైనా మంచిదని చేయించుకున్నా సాహిత్య రచనకి ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు. వీళ్లు అదీ చేయించలేదు. రెండో పేజీలో సున్నాలో సీ గుర్తేసి, పక్కన మామయ్య పేరు కొట్టి, "కాపీరైట్ అయిపోయింది సార్" అన్నారు.

ఇక ఎడిటింగ్. మామయ్య కథల్లో లైన్‌మన్లు, కళాసీలు మాట్లాడేది అక్కడి యాస. "ఆ తీగ ఒగ్గీరా" అని రాస్తే "ఆ తీగను వదిలిపెట్టు" అని దిద్ది పంపారు. పుస్తకం మొత్తం అలాగే ఉతికి ఇస్త్రీ చేసేశారు. ఎవరు ఎడిట్ చేశారో పేరు చెప్పమంటే "మా టీమ్" అన్నారు. కథలు చదివిన మనిషి ఆ టీమ్‌లో ఒక్కరైనా ఉన్నారని నాకు నమ్మకం కలగలేదు.

అయినా ఇది చిన్న దెబ్బే. అసలు దెబ్బ అట్టపెట్టె విప్పాక తెలిసింది. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా టైపు చేసే తెలుగు) పెట్టేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోవాలి. లేకపోతే ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకొచ్చి నిలబడతాయి. తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పని, చేసేవాళ్లు ఎవరినడిగినా చెప్తారు. ఈ కంపెనీలో పేజీలు కట్టినవాళ్లకి తెలుగు చదవడమే రాదనుకుంటా. కథల నిండా కరెంటు స్తంభాలే కదా, ప్రతిచోటా "స్‌తంభం" అని విరిగి పడి ఉంది. ఒక కథలో "స్త్రీ" అన్న మాట "స్‌త్‌రీ" అయిపోయింది. మామయ్య కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "ఒరే అబ్బాయ్, ఇది నేను రాసిందేనా?" అన్నారు. పుస్తకం మధ్యలో కాస్త గట్టిగా తెరిస్తే అట్ట దగ్గర జిగురు వీడి పేజీలు చేతికొచ్చాయి.

ప్రూఫులు, అంటే ప్రింటుకి ముందు సరిచూసుకునే పేజీలు, చూడలేదా అంటారేమో. మామయ్య చూశారు, ఎర్ర పెన్నుతో పేజీ పేజీకీ గుర్తులు పెట్టి పంపారు. ఉచిత దిద్దుబాట్లు రెండు విడతలే, ఆపైన పేజీకి ఇంత అని కట్టాలన్నారు. తప్పు వాళ్ల సెట్టింగుది, చార్జీ మనకి! అది ఒప్పుకోకపోతే పాత ఫైలే ప్రింటుకి పంపేశారు.

డబ్బు లెక్క ఇంకా జాగ్రత్తగా చూడాలి. "వంద శాతం రాయల్టీ" (అమ్మకంలో రచయితకి వచ్చే వాటా) అన్న మాట విని మా అత్తయ్య కూడా సంబరపడింది. వంద శాతం దేనిమీద? వెల 250. ఆన్‌లైన్ దుకాణం వాటా సగం, 125. ప్రింటింగ్ ఖర్చని కంపెనీ పట్టుకునేది 110. మిగిలిన పదిహేను రూపాయల్లో వంద శాతం మామయ్యది. చుట్టాలకి, స్నేహితులకి ఇచ్చుకోవడానికి ఇంకొన్ని కాపీలు కావాలంటే "రచయిత ధర" ఒక్కోటి 150. అవే పేజీలు, అదే డెమ్మీ సైజు, విజయవాడలో ఒక ప్రెస్సుని అడిగితే అయిదు వందల కాపీలు వేస్తే ఒక్కోటి డెబ్బై లోపే పడుతుందన్నారు. అన్ని కాపీలు మనకి వద్దు, యాభయ్యో వందో చాలు అనుకుంటే డిజిటల్ ప్రింటు ఉంది. కాపీకి ధర కాస్త ఎక్కువే పడుతుంది గానీ ఇంట్లో కట్టలు పేరుకుపోవు.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం నామోషీ అని నేననను. తెలుగులో పేరున్న రచయితలు కూడా చాలామంది అలా వేసుకున్నవాళ్లే. డీటీపీ ఒకరికి, బొమ్మ ఒకరికి, ప్రూఫులు తెలిసిన మాస్టారికి, ప్రింటు ప్రెస్సుకి, విడివిడిగా ఇచ్చుకుంటే ఎవరి పని ఏమిటో, దేనికెంతో మనకి కనపడుతుంది. ప్యాకేజీలో అదే కనపడదు. పైగా కంపెనీకి రావాల్సిన లాభం ప్యాకేజీ సొమ్ములోనే వచ్చేసింది. పుస్తకం అమ్ముడుపోయినా పోకపోయినా వాళ్లకి ఒకటే.

"ప్రపంచవ్యాప్త పంపిణీ" అంటే ఆన్‌లైన్ దుకాణాల్లో ఒక పేజీ పెట్టడం. ఒక్క షాపులోనూ పుస్తకం ఉండదు. తెలుగు పుస్తకం అమ్ముడుపోయే చోట్లు వేరు. డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, కమీషన్ మీద పెట్టుకునే పుస్తకాల షాపులు, సాహితీ సభల బయట బల్ల. ఈ చోట్లలో మీకు స్టాలుందా అని అడిగితే ఫోన్లో అమ్మాయి "మార్కెటింగ్ ప్యాకేజీ వేరే ఉంటుంది సార్" అంది. ఆ ప్యాకేజీలో ఉన్నది "బెస్ట్ సెల్లర్" బ్యాడ్జి. ఆన్‌లైన్లో ఆ ర్యాంకులు గంట గంటకీ మారుతుంటాయి. జనం చూడని చిన్న విభాగంలో పుస్తకం పెట్టి, తెలిసినవాళ్ల చేత ఒకే పూట కొన్ని కాపీలు కొనిపిస్తే పైకి వస్తుంది. అది స్క్రీన్‌షాట్ తీసి ఇస్తారు. డబ్బు కట్టి నామినేషన్ వేసుకునే అవార్డులు, తలా అయిదొందలు తీసుకుని నూరుమంది కవితలు కుట్టే సంకలనాలు కూడా ఈ బాపతే.

అగ్రిమెంటు మాత్రం తప్పకుండా కూర్చుని చదవండి, ఇంగ్లీషులో ఉందని వదిలేయకండి. హక్కులు రాసిచ్చే పత్రంలో కాలపరిమితి లేకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే తెలివైనవాళ్లు "కాపీరైట్ పూర్తి కాలం, ప్రపంచమంతా, అన్ని భాషలు, అన్ని మాధ్యమాలు" అని రాసేసుకుంటారు. పూర్తి కాలమంటే రచయిత జీవితం, ఆ తర్వాత అరవై ఏళ్లు. మామయ్య పత్రంలో ఆడియో, సినిమా హక్కులు కూడా కలిపేశారు. రద్దు చేసుకుంటే రుసుము, ముఖచిత్రం, పేజీల అసలు ఫైళ్లు కావాలంటే ఇంకో రుసుము. డబ్బు కట్టి చేయించుకున్న ఫైళ్లు మనకి ఇవ్వడానికి మళ్లీ డబ్బు!

కాబట్టి అడ్వాన్సుకి ముందే వాళ్ల చేత మెయిల్లో రాయించుకోండి: ఓపెన్ ఫైళ్లు (మళ్లీ దిద్దుకోవడానికి వీలుండే అసలు ఫైళ్లు) మాకిస్తారా, హక్కులు ఎన్నేళ్లు, నెల రోజుల నోటీసుతో బయటికి రావచ్చా, మా కాపీ మాకు ఎంతకిస్తారు. ఫోన్లో చెప్పినవి లెక్కలోకి రావు. వాళ్లు వేసిన తెలుగు పుస్తకం ఒకటి కొని చేతిలో పట్టుకుని చూడండి. వెబ్‌సైట్లో ముఖచిత్రాలు అందరివీ బాగానే ఉంటాయి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. జిల్లా కమిషన్లో కేసు మీరుండే ఊరి పరిధిలోనే వేసుకోవచ్చు, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు. గొడవ మొదలైన రెండేళ్లలోగా వేయాలి. "పుస్తకం అమ్ముకోవడానికే వేశారు, ఇది వ్యాపారం" అని అవతలివాళ్లు వాదించే వీలుంది, లాయర్‌ని ముందే ఆ సంగతి అడగండి. మేం పంపిన నోటీసుకి ఇంతవరకు జవాబు లేదు గానీ, రెండో పుస్తకానికి ముప్పై శాతం తగ్గింపు ఇస్తామని మామయ్యకి ఫోన్ వచ్చింది. బిల్లులు, మెయిళ్లు, వాట్సాప్ మాటలు, దిద్దిన ప్రూఫులు ఏవీ చెరిపేయకండి. ఒత్తులు విరిగిన కాపీ ఒకటి విడిగా దాచండి, మా లాయరు ముందు అడిగింది దాన్నే.