అరుదైన ఆంగ్ల పదాలు: జాబితా మేలా, నిఘంటువు మేలా?

విశాఖపట్నంలోని ద్వారకా నగర్ శిక్షణ కేంద్రాలకు విదేశీ ఉన్నత విద్యలో ప్రవేశానికి రాసే జీఆర్ఈ కోసమో బ్యాంకు పరీక్షల కోసమో వచ్చే విద్యార్థులు అరుదైన ఆంగ్ల పదాలను ఎక్కువగా జాబితాల నుంచే నేర్చుకుంటారు. అక్కడికి దగ్గరలోనే ఉన్న పౌర గ్రంథాలయంలో కూర్చుని నిఘంటువు తిరగేసే ఓపిక కొందరికే ఉంటుంది. పదాన్ని గుర్తుపట్టడమే లక్ష్యమైతే జాబితాను తప్పుపట్టలేము. తక్కువ సమయంలో ఎక్కువ పదాలతో ముఖపరిచయం కలిగించడంలో దానికి సాటి లేదు. అయితే జీఆర్ఈ కూడా 2011లో వ్యతిరేకపదాల ప్రశ్నలను తొలగించి, వాక్యంలోని ఖాళీలను సందర్భాన్ని బట్టి పూరించమనే పద్ధతికి ప్రాధాన్యమిచ్చింది కాబట్టి, ఒంటరిగా బట్టీపట్టిన అర్థం అక్కడ సైతం సగం దూరమే తీసుకువెళుతుంది. ‘గ్యారులస్’ అంటే ఎక్కువగా మాట్లాడేవాడని జాబితాలో చదివిన విద్యార్థి, ఆ మాటలో అనవసర ప్రసంగమనే ఎత్తిపొడుపు ఉన్నదని తెలియక, మెచ్చుకోలుగా వాడేయగలడు.

ఆంగ్ల-తెలుగు నిఘంటువు మనసుకు త్వరగా అందుతుంది, చిక్కూ అక్కడే వస్తుంది. ‘మిటిగేట్’కు ‘తగ్గించు’ అనే అర్థం చూసినవారు కూరగాయల ధరను కూడా మిటిగేట్ చేయమంటారు. తెలుగులో ధరనూ, నొప్పినీ, వేగాన్నీ తగ్గించవచ్చు గాని, ఆంగ్లంలో ఆ క్రియ నష్టం, ముప్పు, తీవ్రత వంటి మాటలతోనే పొసగుతుంది. 2014 అక్టోబరులో నగరాన్ని తాకిన హుద్‌హుద్ వంటి తుపానుల నష్టం గురించి రాసేటప్పుడు అది చక్కగా అమరుతుంది.

ఈ పొందికను చూపేవి అభ్యాసకుల కోసం కూర్చిన ఆంగ్ల-ఆంగ్ల నిఘంటువులు. జపాన్‌లో ఆంగ్లం బోధించిన హార్న్‌బీ తన సహచరులతో కలిసి 1942లో టోక్యోలో వెలువరించిన నిఘంటువే తరువాత ఆక్స్‌ఫర్డ్ అభ్యాసక నిఘంటువుగా మారింది. ఆంగ్లం మాతృభాష కానివారి ఇబ్బందులు తెలిసి చేసిన పని కావడంతో, ఏ క్రియ తరువాత ఏ విభక్తి పదం (ప్రిపోజిషన్) రావాలో, ఏ నామవాచకానికి బహువచనం లేదో అది ప్రత్యేకంగా చెబుతుంది. అర్థంలో మళ్లీ తెలియని పదాలే ఎదురవుతాయన్న భయం కూడా పెద్దగా అక్కరలేదు. లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2,000 సులభ పదాలతోనే అర్థాలు వివరిస్తుంది, 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు అయితే అర్థాన్నే పూర్తి వాక్యంగా రాస్తుంది. వీటిలో మొదటిసారి కొనేవారికి కోబిల్డ్ పద్ధతే నాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే అర్థం చదువుతుండగానే వాడుక కూడా పట్టుబడుతుంది.

పరీక్ష వారంలో ఉన్నవారు జాబితాను వదలనక్కరలేదు. వ్యవధి ఉన్నవారు మాత్రం పత్రికా సంపాదకీయంలో తారసపడిన పదాన్ని ముందుగా అభ్యాసక నిఘంటువులో చూసి, అప్పటికీ స్పష్టత రాకపోతే తెలుగు అర్థం వెతికి, పుస్తకంలో పదాన్ని ఒంటరిగా కాక దాని పక్కన వచ్చే మాటలతో కలిపి రాసుకోవడం మంచిది.