మిద్దె గదిలో జీటీఎక్స్ 1650: ఇన్నేళ్లు వాడాక నా మాట

ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఎట్లా ఉందని ఎవరైనా అడిగితే నేను ముందు ఫ్రేమ్ రేట్ (ఆటలో సెకనుకు ఎన్ని బొమ్మలు చూపిస్తుందో ఆ లెక్క) చెప్పను, అది తీసుకునే కరెంటు 75 వాట్లు అని చెబుతాను. 2020లో కొన్న కార్డు ఇది. తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద గదిలో ఇప్పటికీ రోజూ నడుస్తోంది. ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లో, చెప్పకుండా కరెంటు పోయే సాయంత్రాల్లో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆ 75 వాట్లే.

కార్డుకు కావలసిన కరెంటంతా మదర్‌బోర్డు స్లాట్ నుంచే అందుతుంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌లోని భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వేరే వైరు అక్కర్లేదు. (6 పిన్ సాకెట్ ఉన్న మోడళ్లు కూడా వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు అది చూసుకోండి.) ఆట నడుస్తున్నప్పుడు కూడా నా సిస్టమ్ 150 వాట్ల దగ్గరే ఉంటుంది.

కంప్యూటర్‌కని విడిగా యూపీఎస్ కొనలేదు, ఇంటి ఇన్వర్టర్ మీదే నడుపుతున్నాను. దాని వెనక ఎకో, యూపీఎస్ అని చిన్న స్విచ్ ఉంటుంది. ఎకోలో ఉంటే బ్యాటరీకి మారేలోపు కంప్యూటర్ ఆరిపోవచ్చు. యూపీఎస్ వైపు పెడితే ఆ మార్పు సుమారు 10 మిల్లీసెకన్లలో అయిపోతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ అయితే కెపాసిటర్లలో ఉన్న కరెంటుతో పూర్తి లోడ్ మీద కూడా 16 మిల్లీసెకన్ల వరకు లాగుతుంది. లోడ్ తక్కువైతే ఇంకాస్త ఎక్కువే. అందుకే మా గదిలో ట్యూబ్‌లైటు ఒకసారి కొట్టుకుంటుంది, ఫ్యాను చప్పుడు మారుతుంది, ఆట మాత్రం ఆగదు. పక్కింటి అబ్బాయి మొదటిసారి చూసి, "ఏందన్నా, కరెంటు పోయినా ఇది ఆగలేదే!" అన్నాడు.

అయినా బ్యాటరీ పాతబడ్డాక ఒక్కోసారి సిస్టమ్ ఠక్కున ఆరిపోయేది. ఏ ఆటను ఎంత శ్రద్ధగా తయారుచేశారో అప్పుడే బాగా తెలిసింది. హేడీస్‌లో కొత్త గదిలోకి అడుగుపెట్టగానే సేవ్ అవుతుంది కాబట్టి పోతే ఆ ఒక్క గదే పోతుంది. ఎల్డెన్ రింగ్ ఆడుతున్నంతసేపూ తనంతట తాను సేవ్ చేసుకుంటూనే ఉంటుంది. అంత కఠినమైన ఆట, కానీ కరెంటు పోయిన పాపానికి మనల్ని శిక్షించదు. 2019 నాటి రెసిడెంట్ ఈవిల్ 2లో హార్డ్‌కోర్ మోడ్ వేరు. అక్కడ ఆటో సేవ్ లేదు, టైప్‌రైటర్ దగ్గరికి వెళ్లాలి, పైగా ఇంకు రిబ్బన్ ఖర్చవుతుంది. ఆ టెన్షన్ కోసమే అట్లా పెట్టారని నాకు తెలుసు, అది నాకు ఇష్టం కూడా. కానీ మళ్లీ తెరవగానే చెరిగిపోయే తాత్కాలిక సేవ్ ఒకటి ఇచ్చి ఉంటే ఆ టెన్షన్ ఏమీ తగ్గదు. ఆటలో ఓడిపోవడం వేరు, ఆట బయట జరిగినదానికి గంట శ్రమ పోగొట్టుకోవడం వేరు. డిజైనర్లు ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

కార్డులో అసలు లోటు 4 జీబీ మెమరీ. ఈ విషయంలో అదే రెసిడెంట్ ఈవిల్ 2ను మెచ్చుకోవాలి. టెక్స్చర్ (గోడలు, బట్టల్లాంటి వాటి పైన కనిపించే వివరం) సెట్టింగ్ ఒక మెట్టు పెంచితే గ్రాఫిక్స్ మెమరీ ఎంత పడుతుందో మెనూలోనే పట్టీ గీసి చూపిస్తుంది. ప్రతి ఆటలోనూ ఇది ఉండాలి. లేకపోతే ఒక్కో సెట్టింగ్ మార్చి, మళ్లీ ఆట తెరిచి చూడటంతోనే సాయంత్రం గడిచిపోతుంది. బొమ్మను చిన్నదిగా గీసి పెద్దదిగా చూపి కార్డు మీద భారం తగ్గించే ఎన్‌విడియా పద్ధతి డీఎల్ఎస్ఎస్. అది వాళ్ల ఆర్‌టీఎక్స్ కార్డులకే పరిమితం, మనకు రాదు. 2021లో ఏఎండీ తెచ్చిన అలాంటిదే ఎఫ్ఎస్ఆర్ మాత్రం ఈ కార్డు మీద కూడా పనిచేస్తుంది. పోటీ కంపెనీ పుణ్యమా అని నా కార్డు ఆయుష్షు పెరిగింది.

వేసవిలో ఫ్రేమ్ రేట్‌ను 60 దగ్గరే ఆపేస్తాను, వేడి బాగా తగ్గుతుంది. మా వీధి దుమ్ముకు అప్పుడప్పుడు బ్లోయర్ కొట్టక తప్పదు. కొట్టేటప్పుడు కార్డు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు మాత్రం దీన్ని తీసుకోమని చెప్పను. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా లెక్కగట్టి చూపడం) హార్డ్‌వేర్ తప్పనిసరి. 1650కి అది లేదు. వేరే వైరు లేకుండానే కావాలంటే 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఉంది. 70 వాట్లే, రే ట్రేసింగ్ కోర్లు ఉన్నాయి, డీఎల్ఎస్ఎస్ కూడా వస్తుంది. అయితే ఆ ఇండియానా జోన్స్‌కు కనీసం 8 జీబీ కార్డు ఉండాలని కంపెనీయే చెప్పింది కాబట్టి, దానికోసమే కొనాలనుకుంటే 3050 6 జీబీ కూడా వద్దు.