చట్టం గీత దాటకుండా పన్ను తగ్గించిపెట్టే సేవ: రెండేళ్లు వాడిన తర్వాత

గత రెండేళ్లుగా నేను ఒక పన్ను సలహా సంస్థకు క్లయింటుగా ఉన్నాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ మెచ్చుకున్నవాటిలోనూ తప్పుపట్టినవాటిలోనూ చాలా భాగం ఆ వ్యాపారం మొత్తానికీ వర్తిస్తుంది. ఏటా రిటర్ను వేసిపెట్టే ఆడిటర్ పనికీ వీళ్ల పనికీ తేడా ఉంది. ఆడిటర్ గడిచిపోయిన సంవత్సరానికి లెక్క కడితే, వీళ్లు రాబోయే సంవత్సరాన్ని పన్ను తక్కువ పడేలా ముందే అమర్చిపెడతారు. చట్టాన్ని ఉల్లంఘించకుండా సాగే ఈ పనిని అమ్మేవాళ్లు పన్ను ప్రణాళిక అంటారు, రాజకీయ వేదికల మీద పన్ను తప్పించుకోవడం అంటారు. అందువల్ల పనితనం ఒక్కదానికే మార్కులు వేసి, ఇది న్యాయమేనా అన్న ప్రశ్నను పక్కన పెట్టి సమీక్ష రాయడం నాకు సాధ్యం కాలేదు.

ముందు పనితనం సంగతి. నాకు ఉద్యోగం జీతంతో పాటు రాతపని, శిక్షణ తరగతుల వల్ల వేరే ఆదాయం కూడా ఉంది. మొదటి సమావేశంలో ఎంత సంపాదిస్తున్నానన్న దానికంటే ఆ సంపాదన ఎవరి పేరు మీద వస్తోంది, ఏ నెలలో చేతికందుతోంది, జీతమా ఫీజా డివిడెండా అద్దెనా అన్న వాటి మీదే ఎక్కువ సేపు ప్రశ్నలు వేశారు. ఎవరిది, ఎప్పటిది, ఏ రూపంలోది అన్న ఈ మూడు ప్రశ్నలే ఆ వృత్తికి మూలధనమని నాకు తర్వాత అర్థమైంది. ఎక్కువ శ్లాబులో ఉన్న వ్యక్తి నుంచి తక్కువ శ్లాబులో ఉన్న కుటుంబసభ్యుడి పేరు మీదికి ఆదాయం మారడం, ఈ ఏడాది రావలసిన సొమ్ము వచ్చే ఏడాదికి జరగడం, ఎక్కువ రేటు పడే జీతం తక్కువ రేటు పడే మూలధన లాభంగా వేషం మార్చడం: వాళ్లిచ్చిన ముప్ఫై పేజీల నివేదికలో పద్ధతులెన్ని ఉన్నా అన్నీ ఈ మూడింటిలోకే ఒదుగుతాయి. నివేదిక స్పష్టంగా ఉంది, ప్రతి సూచన పక్కనా ఏ సెక్షన్ కింద చెబుతున్నారో రాశారు, ఫోన్ చేస్తే ఎత్తేవారు.

ఇంకొక మంచి మాట కూడా చెప్పాలి. నగదుగా వచ్చిన చిన్న ఫీజులను చూపించకపోతే ఏమవుతుందని నేను అమాయకంగా అడిగినప్పుడు, "అది ప్రణాళిక కాదండీ, ఆదాయం దాచడం. అలాంటి రిటర్ను మీద మేము సంతకం పెట్టం" అని సలహాదారు ఖరాఖండిగా చెప్పేశారు. చట్టం ఒప్పుకోని ఎగవేతకూ చట్టం లోపలే సాగే తప్పింపుకూ మధ్య గీత వాళ్లకు బాగా తెలుసు.

అయితే ఆ గీత తాము చెప్పినంత నిలకడగా ఉంటుందా అన్న చోట నాకు పేచీ ఉంది. వాళ్ల పరిచయ పుస్తకం మొదటి పేజీలోనే అమెరికా న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ 1934లో రాసిన మాట ఉంది: పన్ను వీలైనంత తక్కువ పడేలా ఎవరైనా తమ వ్యవహారాలను అమర్చుకోవచ్చు, ఎక్కువ కట్టడం దేశభక్తి కాదు అని దాని సారాంశం. ఆ మాట అన్న కేసులోనే ఆయన పన్ను శాఖ పక్షాన తీర్పు చెప్పారని, పన్ను తగ్గడం కోసమే పుట్టించి ఆరు రోజుల్లో ముగించిన కంపెనీని నిజమైన వ్యాపార పునర్వ్యవస్థీకరణగా ఒప్పుకోలేదని, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించిందని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. బ్రిటన్‌లో వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ తన తోటమాలి తదితరులకు కూలీగా కాక ఒప్పంద పత్రం ద్వారా ఏటా చెల్లించే సొమ్ముగా ఇచ్చి పన్ను తగ్గించుకున్న కేసులో న్యాయస్థానం పత్రంలో రాసుకున్న రూపమే లెక్క అంటూ డ్యూక్ పక్షం వహించింది. 1981 నాటి రామ్సే కేసులో అప్పట్లో అదే దేశపు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ ఒక్కొక్క పత్రాన్నీ విడివిడిగా కాక మొత్తం అమరికను కలిపి చూడాలంది. భారత సుప్రీంకోర్టులో 1985 మెక్‌డొవెల్ కేసులో జస్టిస్ చిన్నప్పరెడ్డి డ్యూక్ సూత్రానికి కాలం చెల్లిందన్నారు, 2003లో అదే కోర్టు మరో కేసులో అది ఇంకా బతికే ఉందంది. తర్వాత బ్రిటన్ 2013లోనూ, భారతదేశం 2017లోనూ ఇలాంటి అమరికలను పక్కనపెట్టే సాధారణ నియమాలనే అమల్లోకి తెచ్చాయి. కాబట్టి ఈ సంస్థ నాకు అమ్మింది చట్టబద్ధత కాదు, చట్టం గురించిన జోస్యం. నివేదికలో ప్రతి సూచనకూ "నిలబడే అవకాశం బలంగా ఉంది", "సహేతుకంగా ఉంది" అని మెట్లు మెట్లుగా రాయడంలోనే ఆ సంగతి దాగి ఉంది. వాతావరణ కేంద్రం వాళ్లయినా ఇంత జాగ్రత్తగా మాట్లాడరు.

రెండో ఏడాది వాళ్లు చెప్పిన ఒక పథకాన్ని నేను వద్దన్నాను. నా ఫీజులన్నీ ఒక ట్రస్టుకు చేరతాయి, ట్రస్టు నాకు ఆ సొమ్మును అప్పుగా ఇస్తుంది, అప్పు ఆదాయం కాదు కనుక పన్ను ఉండదు. అప్పు ఎప్పుడు తీర్చాలని అడిగితే సలహాదారు చిన్నగా నవ్వి, తీర్చమని అడిగేవాళ్లు ఉండరన్నారు. తీర్చనక్కరలేని అప్పును అప్పు అనడానికి నాకు నోరు రాలేదు. 2012లో బ్రిటన్ హాస్యనటుడు జిమ్మీ కార్, తన ఆదాయాన్ని జెర్సీ ద్వీపంలోని ట్రస్టు గుండా తిప్పి అప్పు రూపంలో వెనక్కి తెచ్చుకునే పథకంలో చేరినట్టు బయటపడినప్పుడు, అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ అది నైతికంగా తప్పని బహిరంగంగా అన్నారు. నటుడు క్షమాపణ చెప్పాడు. నాలుగేళ్ల తర్వాత, విదేశీ కంపెనీల వెనక ఎవరున్నారో బయటపెట్టిన పనామా పత్రాలు వెలువడినప్పుడు, తన తండ్రి నడిపిన విదేశీ నిధిలో తనకూ వాటా ఉండేదని, ప్రధాని కాకముందే 2010లో దాన్ని అమ్మేశానని కామెరాన్ చెప్పుకోవలసి వచ్చింది. రెంటిలోనూ చట్టం ఎవరినీ జైలుకు పంపలేదు. రెండూ ఒక తూకం కావు కూడా, కామెరాన్ తన వాటా మీద వచ్చిన ఆదాయానికి పన్ను కట్టానన్నారు. అయినా ఒకరి విషయంలో నీతి గురించి మాట్లాడిన నోటితోనే తన విషయంలో లెక్కలు చెప్పవలసి రావడాన్ని జనం మరచిపోలేదు. అదే పత్రాల వల్ల ఐస్‌లాండ్ ప్రధాని 2016 ఏప్రిల్‌లో పదవి వదులుకున్నారు.

న్యాయం సంగతికి వస్తే, నన్ను కలవరపెట్టింది నేను ఆదా చేసిన మొత్తం కాదు. నాతో పాటే పనిచేసే, జీతం తప్ప వేరే ఆదాయం లేని సహోద్యోగికి పైన చెప్పిన మూడు ప్రశ్నల్లో ఒక్కటీ చేతిలో లేదు. జీతం ఆయన పేరునే వస్తుంది, నెలాఖరుకే వస్తుంది, జీతంగానే వస్తుంది, పన్ను చేతికందకముందే కోతపడుతుంది. ఇద్దరికీ చట్టం ఒక్కటే అయినా, దాన్ని వంచుకునే వీలు ఆదాయం రకాన్ని బట్టి, సలహాకు పెట్టగలిగే ఫీజును బట్టి వస్తుంది. నేను కట్టని భాగం గాలిలో కలిసిపోదు. మరొకరి మీద పన్నుగానో, తగ్గిన ప్రభుత్వ సేవగానో, అప్పుగానో తేలుతుంది. ఇక్కడ నన్ను నేను మంచివాణ్ణిగా చూపించుకునే ఉద్దేశం లేదు: ఉద్యోగ విరమణ పొదుపు మీద ఇచ్చే రాయితీని నేను పూర్తిగా వాడుకున్నాను, దానికి సిగ్గుపడను, ఎందుకంటే నేను పొదుపు చేయాలని కోరుకునే చట్టసభ ఆ రాయితీ పెట్టింది. ట్రస్టు అప్పు సంగతి అలా కాదు, అలా చేయమని ఏ చట్టసభా కోరలేదు. ఒక అమరికను చట్టం రాసినవాళ్ల ముందు నిలబడి వివరించగలనా లేదా అన్నదే నేను పెట్టుకున్న కొలబద్ద. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల చర్చలో ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టలేదన్న విమర్శకు డొనాల్డ్ ట్రంప్ అది తన తెలివికి గుర్తన్నట్టు జవాబిచ్చారు. మామూలు పౌరుడి నోట ఆ మాట చెల్లుతుందేమో గానీ, ఆ నియమాలను మార్చే అధికారం అడుగుతున్న మనిషి నోట నాకు రుచించలేదు.

ఈ సంస్థ సేవల్లో అన్నిటికంటే నాణ్యమైనది, నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించిందీ ఒక్కటే: బడ్జెట్ ముందు పంపే ప్రత్యేక సంచిక. ఏ రాయితీ పోవచ్చు, ఏ తేదీలోపు ఏం చేసుకోవాలి అన్నది అంత విడమరచి మరెవరూ చెప్పరు. దానితో పాటు, ఒక రాయితీ రద్దును వ్యతిరేకిస్తూ మా ప్రజాప్రతినిధికి పంపడానికి సిద్ధంగా ముద్రించిన లేఖ కూడా వచ్చింది, సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంది. లొసుగులు చట్టంలో వాటంతటవే పుట్టవని, వాటికి పోషకులుంటారని నాకు అప్పుడు కళ్లకు కట్టింది. 2013లో బ్రిటన్ పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ, నాలుగు పెద్ద అకౌంటింగ్ సంస్థలు పన్ను చట్టాల రూపకల్పనకు ప్రభుత్వానికి తమ ఉద్యోగులను పంపి, అక్కడ దొరికిన లోగుట్టును తర్వాత తమ క్లయింట్లకు వాడిపెడుతున్నాయని తప్పుపట్టింది. కంచే చేను మేయడమంటే అదే. దీనికి విరుగుడు దేశాల మధ్య ఒప్పందాల్లో కొంత కనిపిస్తోంది: 75 కోట్ల యూరోలకు మించిన వార్షికాదాయం ఉన్న బహుళజాతి సంస్థలకు కనీసం 15 శాతం పన్ను పడాలని 2021లో 130కి పైగా దేశాలు అంగీకరించాయి. అది నాలాంటి వాళ్ల స్థాయికి రాలేదు, ట్రస్టు అప్పులు దాని పరిధిలోకి రావు.

ఫీజు గురించి గట్టిగా చెప్పాలి. మొదటి ఏడాది నిర్ణీత రుసుము తీసుకున్నారు, రెండో ఏడాది ఆదా అయిన పన్నులో వాటా అడిగారు. ఆదాలో వాటా ఉన్న సలహాదారు ఎంత నిజాయితీపరుడైనా అతని సలహా ముందడుగు వైపే మొగ్గుతుంది; చాలా చోట్ల అకౌంటెంట్ల వృత్తి నియమాలు ఇలాంటి ఫీజుకు అడ్డుకట్ట వేసింది అందుకే. పనితనానికి ఐదులో నాలుగు, పారదర్శకతకు మూడు, ఫీజు పద్ధతికి ఒకటి ఇస్తాను. రకరకాల ఆదాయాలున్నవారు మొదటి ఏడాది నివేదిక కోసం వెళ్లవచ్చు, నిర్ణీత రుసుము అని రాతపూర్వకంగా ముందే తీసుకోవాలి. జీతం ఒక్కటే ఉన్నవారికి అక్కడ అమ్మడానికి ఏమీ లేదు, వాళ్లు ఆ మాట తామే చెప్పి పంపేస్తారు కూడా.

ఈ ఏడాది రిటర్ను, పొదుపు రాయితీలు మాత్రం చూడమని, బడ్జెట్ లేఖలు పంపవద్దని కోరాను. మర్యాదగా ఒప్పుకున్నారు. వచ్చిన కొత్త నివేదికలో మాత్రం చివర ఒక పట్టిక అదనంగా చేరింది: "క్లయింటు వద్దనుకున్న ఆదా", దాని కింద పైసలతో సహా మొత్తం.